క్లాస్‌పాత్‌లో చుక్క

2000 తర్వాతి రోజుల్లో అమీర్‌పేటలో జావా నేర్చుకున్న వాళ్లెవరినైనా అడిగి చూడండి. పాలిమార్ఫిజానికి సార్ ఏ ఉదాహరణ చెప్పారో మర్చిపోయి ఉండొచ్చు, డెమో క్లాసు ఏ బిల్డింగులో విన్నారో గుర్తుండకపోవచ్చు. కానీ మనం ‘సెట్ క్లాస్‌పాత్ ఈక్వల్ టు’ అని మొదలుపెడితే చాలు, ‘డాట్, సెమీకోలన్’ అని మిగతాది వాళ్లే అందుకుంటారు. ఆ చుక్క మా బ్యాచ్‌లో అందరినీ ఒక ఆట ఆడించింది.

సంగతేంటంటే, క్లాసులను, అంటే మనం రాసిన ప్రోగ్రాములను, ఎక్కడ వెతకాలో జావాకి చెప్పే క్లాస్‌పాత్ అనే వేరియబుల్‌ని ఎవరూ ముట్టుకోనంత కాలం జావా మనం ఉన్న ఫోల్డర్‌లోనే క్లాసును వెతుక్కుంటుంది. అందుకే కోర్ జావా నడిచినన్నాళ్లూ ఏ ఇబ్బందీ ఉండదు. జావాని డేటాబేస్‌తో కలిపే జేడీబీసీ మొదలవుతుంది, ఒరాకిల్ అనే డేటాబేస్ డ్రైవర్ కోసం ‘క్లాసెస్12 డాట్ జిప్’ అనే ఫైలును క్లాస్‌పాత్‌లో పెడతాం. ఇక అప్పటినుంచి జావా ఆ జిప్‌లో చూస్తుంది తప్ప మన ఫోల్డర్ వైపు తిరిగి చూడదు. నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచిన హలో వరల్డ్ కూడా ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్’ అంటుంది. ముందు ఒక చుక్క పెడితే, ఇక్కడ కూడా వెతుకు అని చెప్పినట్టు. విండోస్ 98 అయితే ఈ లైను ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్‌లో రాసి సిస్టమ్ రీస్టార్ట్ చేయాలి. ఎక్స్‌పీ అయితే మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. ఆ తర్వాత పాత కమాండ్ ప్రాంప్ట్ మూసేసి కొత్తది తెరవాలి, లేకపోతే మార్చింది అందులోకి రాదు.

నా నోట్స్‌లో మొట్టమొదటి ఎంట్రీ ఇదే. రాయమన్నది మా హాస్టల్ అక్క.

ఎంసీఏ అయ్యాక ప్రకాశం జిల్లా నుంచి వచ్చి ఎస్.ఆర్.నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో చేరాను. 2002. అప్పటికి వైటూకే (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయం) హడావుడి, మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల జాతర అయిపోయాయి. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలాక ఉద్యోగాలు దొరకడం గగనమైపోయింది. అయినా మైత్రీవనం దగ్గర, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ఏ గోడ చూసినా బ్యానర్లే, పొద్దున్నే మొదలయ్యే బ్యాచ్‌లకు కూడా నిలబడటానికి చోటు ఉండేది కాదు. అక్కది కరీంనగర్. మాకంటే రెండేళ్ల ముందే వచ్చి, అడ్వాన్స్‌డ్ జావా పూర్తి చేసి, ఒక చిన్న కంపెనీలో చేరింది. రాత్రి పొద్దుపోయాక వచ్చి, అన్నం తినేసి, మంచం మీద కూర్చుని మా సందేహాలు తీర్చేది. నాకు నో క్లాస్ డెఫ్ ఫౌండ్ వచ్చినరోజు ఆమె స్క్రీన్ కూడా చూడలేదు.

“గా పాత్‌ల చుక్క వెట్టినవా?” అంది.

“ఏ చుక్కక్కా?”

“ముందు నోట్‌బుక్ తియ్యి. ఎర్రర్ మొత్తం రాయి. సగం రాస్తె రేపు నీకే అర్థం గాదు. దాని కింద ఏం జేసినవో రాయి, ఎందుకు జేసినవో గది గూడ రాయి.”

అప్పుడు ఆ మాట విలువ నాకు తెలిసిందని చెప్పలేను గానీ, చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇన్నేళ్ల తర్వాత చూసుకుంటే ఆ మూడు ముక్కలే నా ఉద్యోగాన్ని నిలబెట్టాయని గట్టిగా చెప్పగలను. ఎర్రర్ పూర్తిగా, చేసిన పని, కారణం. చాలామంది నోట్స్‌లో మధ్యలోది ఒక్కటే ఉంటుంది. వెర్షన్ మారగానే అలాంటి నోట్స్ చెత్తబుట్టకే. కారణం రాసి ఉంటే మాత్రం వెర్షన్ మారినా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

అమీర్‌పేట జిరాక్స్ షాపుల గురించి చెప్పకుండా ఈ కథ ముందుకు సాగదు. పేరున్న ఫ్యాకల్టీ క్లాసులో చెప్పింది ఎవరో ఒక శ్రద్ధగల స్టూడెంట్ పొల్లుపోకుండా రాసుకునేవాళ్లు. ఆ రన్నింగ్ నోట్స్ ఎలాగో జిరాక్స్ షాపుకి చేరేది. అక్కడినుంచి స్పైరల్ బైండింగ్‌తో ఊరంతా తిరిగేది. షాపులోకి వెళ్లి, జావాతో వెబ్ పేజీలు చేసే పాఠాలైన ‘సర్వ్‌లెట్స్, జేఎస్‌పీ’ అంటే, ‘ఏ సార్‌ది కావాలమ్మా?’ అని అడిగేవాళ్లు. రాసినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు. చేతిరాతను బట్టి గుర్తుపట్టేవాళ్లం. గుండ్రటి అక్షరాల నోట్స్‌లో బొమ్మలు బాగుంటాయని, వాలుగా రాసిన నోట్స్‌లో ప్రోగ్రాములన్నీ నడుస్తాయని మా మధ్య ఒక లెక్క ఉండేది. జిరాక్స్‌కి జిరాక్స్ తీయడంతో సెమీకోలన్లు కోలన్ల లాగా, కోలన్లు చుక్కల లాగా కనిపించేవి. అలాంటిచోట ముందు కొన్నవాళ్లు పెన్నుతో దిద్దిన గుర్తు కూడా మన కాపీలోకి వచ్చేసేది. ముక్కూమొహం తెలియని వాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిద్దుకుంటూ వచ్చిన పుస్తకాలు అవి. ఆ పద్ధతి మీద నాకు ఈరోజుకీ గౌరవం. వేల రూపాయల ఇంగ్లిష్ పుస్తకాలు కొనలేని పిల్లలకి, ఇంగ్లిష్ మీడియం అలవాటు లేని పిల్లలకి వాటి వల్లే చదువు అందింది.

అయితే ఆ నోట్స్‌లో పాఠం ఉండేది, ఇన్‌స్టలేషన్ ఉండేది కాదు. ఇన్‌స్టిట్యూట్ ల్యాబుల్లో అన్నీ ముందే వేసి ఉంచేవాళ్లు కాబట్టి క్లాసులో ఎవరూ దాని గురించి చెప్పేవాళ్లు కాదు. రూముకి వచ్చి సొంతంగా మొదలుపెడితేనే అసలు తిప్పలు తెలిసేవి. మేం కొందరం కలిసి డబ్బులేసుకుని సికింద్రాబాద్ సీటీసీలో ఒక అసెంబుల్డ్ పీసీ కొన్నాం. ర్యామ్ 128 ఎంబీ. దాని మీద ఒరాకిల్ 9ఐ వేయాలి. మూడు సీడీలు. రెండోది అడిగినప్పుడు రెండోది, మూడోది అడిగినప్పుడు మూడోది పెడుతూ, మధ్యలో కరెంటు పోకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చునేవాళ్లం. సగంలో ఆగిపోతే మళ్లీ వేయడం అంత తేలిక కాదు. అన్‌ఇన్‌స్టాల్ చేసినా రిజిస్ట్రీలో దాని ఆనవాళ్లు ఉండిపోయేవి. రెజ్‌ఎడిట్ తెరిచి, లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, అందులో ఒరాకిల్ అనే కీ తీసేసి, సర్వీసుల ఎంట్రీలు కూడా తీసేసి, రీస్టార్ట్ చేసి, అప్పుడు ఫోల్డర్ డిలీట్ చేయాలి. ఈ వరుస ఏ పాఠంలోనూ లేదు. అక్క నోట్‌బుక్‌లో ఒక పూర్తి పేజీ ఉండేది. హాస్టల్ మొత్తం దాన్ని చూసి ఎక్కించుకున్నాం.

ఒరాకిల్ పడ్డాక పీసీ ఆన్ అవడానికే పది నిమిషాలు పట్టేది. దానికి నేను సేకరించుకున్న మొదటి స్నిప్పెట్ (దాచుకుని మళ్లీ వాడుకునే చిన్న కోడ్ ముక్క), నాకు ఇప్పటికీ ఇష్టమైనది, రెండంటే రెండు లైన్ల బ్యాచ్ ఫైలు. డేటాబేస్ సర్వీసునూ, దానికి వచ్చే కనెక్షన్లను అందుకునే లిజనర్ సర్వీసునూ ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చేసి, ఆ రెండింటి పేర్ల ముందు ‘నెట్ స్టార్ట్’ అని రాసి డెస్క్‌టాప్ మీద పెట్టుకోవడం. జావా మాత్రమే చదివే రోజు దాని జోలికే వెళ్లనక్కర్లేదు, డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ కావాల్సిన రోజు డబుల్ క్లిక్ చేస్తే చాలు. లిజనర్ మొదలవకపోతే ‘ఓఆర్ఏ 12541, నో లిజనర్’ అని వస్తుంది. అప్పుడు లిజనర్ డాట్ ఓఆర్ఏ ఫైలు తెరిచి, అందులో హోస్ట్ పేరు మన కంప్యూటర్ పేరుతో సరిపోయిందో లేదో, పోర్టు 1521 ఉందో లేదో చూడాలి. పీసీకి ఎవరైనా ముచ్చటపడి కొత్త పేరు పెడితే ఇది తప్పకుండా వచ్చేది. ఆ కారణం నా నోట్స్‌లో ఎర్ర ఇంకుతో ఉంది.

ఇంకొకటి చెబుతాను. ఇది నన్ను ఒక రాత్రంతా కూర్చోబెట్టిన సమస్య. జావా 1.4లో కొత్తగా స్ట్రింగ్‌కి ‘స్ప్లిట్’ అనే మెథడ్ ఇచ్చారు. కామాలతో ఉన్న లైనును ముక్కలు చేయడానికి ఎంతో హాయి. అంతకుముందు స్ట్రింగ్ టోకెనైజర్ పెట్టుకుని లూప్ తిప్పాల్సి వచ్చేది. స్ప్లిట్ వాడి రాశాను, కంపైల్ అయింది, ఒక్క ఎర్రర్ లేదు. రన్ చేస్తే ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’. కంపైలర్‌కి కనిపించిన మెథడ్ రన్ చేసేటప్పుడు ఎలా మాయమైంది? అక్క వచ్చి ‘జావా హైఫన్ వెర్షన్’ కొట్టమంది. 1.3.1 అని వచ్చింది. మేం వేసుకున్నది 1.4. ఒరాకిల్ 9ఐ తన పనుల కోసం తన జావా తానే తెచ్చుకుని, ప్రోగ్రాములను విండోస్ వెతికే ఫోల్డర్ల వరుస అయిన పాత్‌లో ముందు వరుసలో పెట్టుకుంటుంది. జావాసీ అనే కంపైలర్ ఆ పాత దాంట్లో లేదు కాబట్టి అది మన 1.4 నుంచి వచ్చింది. జావా మాత్రం ముందు దొరికిన పాతదాని నుంచి వచ్చింది. మన బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో అన్నిటికంటే ముందుకు తెస్తే సమస్య తీరిపోయింది.

ఇందులో నాకు దొరికింది ఆ లైను ఒక్కటే కాదు. ‘ముందు వెర్షన్ అడుగు, తర్వాత కోడ్ చూడు’ అనే అలవాటు. ఆ రోజు నుంచి నా ప్రతి ఎంట్రీ పైన తేదీ, ఆపరేటింగ్ సిస్టమ్, జావా వెర్షన్ రాయడం మొదలుపెట్టాను. స్నిప్పెట్లు దాచుకునే పిల్లలకి నేను గట్టిగా చెప్పేది కూడా ఇదే. తేదీ లేని స్నిప్పెట్‌ని నమ్మొద్దు.

ఎస్‌క్యూఎల్ వైపు వస్తే అందరికీ ఒకటే ఊరు, అదే ఒరాకిల్‌తో నమూనాగా వచ్చిన స్కాట్ గారి ఈఎంపీ (ఉద్యోగుల) టేబుల్. లాగిన్ స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. ఒరాకిల్‌లో తొలినాళ్లలో పనిచేసిన బ్రూస్ స్కాట్ పేరు మీద వచ్చిన లాగిన్ అది, టైగర్ వాళ్లింటి పిల్లి పేరు. ఆ పిల్లి పేరు టైప్ చేయకుండా అమీర్‌పేటలో ఎవరికీ రోజు గడిచేది కాదు. టేబుల్లో 14 మంది ఉద్యోగులు. వాళ్లు మాకు చుట్టాలకంటే బాగా తెలుసు. స్మిత్‌కి 800 జీతం, కింగ్‌కి 5000, కింగ్‌కి మేనేజర్ కాలమ్ నల్, అంటే ఖాళీ. మేనేజర్ పేర్లతో కలిపి ఉద్యోగుల జాబితా తీయమంటే టేబుల్‌ని దానితోనే కలిపే మామూలు సెల్ఫ్ జాయిన్‌లో 13 మందే వస్తారు, కింగ్ రాడు. అవుటర్ జాయిన్ ఎందుకో ఆ ఒక్క కింగ్ వల్ల అర్థమైంది. ఇంటర్వ్యూల్లో రెండో అత్యధిక జీతం ఎవరిదని తప్పకుండా అడిగేవాళ్లు. జవాబు రాయడం అందరికీ వచ్చు. కానీ ఈఎంపీ టేబుల్లో స్కాట్‌కీ ఫోర్డ్‌కీ ఇద్దరికీ 3000 జీతమే కాబట్టి, వరుసల్ని లెక్కపెట్టి తీసే క్వెరీ మూడో స్థానం అడిగితే తప్పు చెబుతుంది, ఒకే విలువను ఒక్కసారే లెక్కించే డిస్టింక్ట్ పెట్టాలి. ఇలాంటి మెలిక ఒకటి పట్టుకుని నోట్స్‌లో రాసుకున్న రోజు పండగలా ఉండేది.

ఉద్యోగం వచ్చాక నోట్‌బుక్ నుంచి నోట్‌ప్యాడ్‌కి మారాను. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఒక చిన్న సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. ఫైలు మొదటి లైనులో చుక్క పెట్టి పెద్ద అక్షరాల్లో లాగ్ అని రాసి సేవ్ చేస్తే, ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ చివర్లో ఆనాటి తేదీ, టైము దానంతట అదే పడుతుంది. నా నోట్స్ ఫైలుకి తేదీలు అలా వచ్చినవే. ఆ ఫైలు ఫ్లాపీలో ఉండేది. ఫ్లాపీ ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని టెన్షన్ వేరు. 2004లో జీమెయిల్ వచ్చి 1 జీబీ ఇస్తున్నారంటే నమ్మలేకపోయాం, అప్పటికి మా మెయిళ్లలో జాగా నాలుగైదు ఎంబీలే. ఎవరో ఇన్విటేషన్ పంపితే చేరి, నేను చేసిన మొదటి పని నా నోట్స్ నాకే మెయిల్ చేసుకోవడం. ఆ మెయిల్ ఇప్పటికీ ఉంది.

ఇక నా సేకరణలో నాకు అన్నిటికంటే ప్రియమైన భాగం తెలుగుది. ఉద్యోగంలో మూడో ఏడో నాలుగో ఏడో, ఊళ్లలో పేర్లు నమోదు చేసే ఒక అప్లికేషన్‌లో తెలుగు పెట్టాల్సి వచ్చింది. ప్రపంచ భాషల అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉంది. అయినా ఆఫీసులో ఏ సిస్టమ్ చూసినా ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకి జరిగి, సున్నా చుట్టూ చుక్కల వలయాలు కనిపించేవి. దానికి మందు: కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్ ట్యాబ్, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే బాక్సులో టిక్, ఎక్స్‌పీ సీడీ పెట్టడం, రీస్టార్ట్. సీడీ దొరకనప్పుడు దానిలోని ఐ386 ఫోల్డర్ ఒక్కటి కాపీ చేసి ఉంచుకుంటే సరిపోతుంది. ఈ నాలుగు లైన్లు ప్రింట్ తీసి అందరికీ పంచాను. రీస్టార్ట్ అయ్యాక స్క్రీన్ మీద ‘శ్రీ’ ముక్కలవకుండా నిండుగా కనిపించినప్పుడు మా టీమ్‌లో ఒక తమిళ అబ్బాయి కూడా చప్పట్లు కొట్టాడు.

జావాలో స్క్రీన్ మీది మాటలు రాసి ఉంచే ప్రాపర్టీస్ ఫైళ్లు తెలుగు అక్షరాల్ని నేరుగా తీసుకునేవి కావు. ‘నేటివ్‌టుఆస్కీ’ అనే టూల్‌తో ప్రతి అక్షరాన్నీ దాని యూనికోడ్ నంబరుగా మార్చాలి. చూసి చూసి నంబర్లు నోటికి వచ్చేశాయి. అ అంటే 0సి05, క అంటే 0సి15. ఒక్క అక్షరం సవరించడానికి టూల్ దాకా వెళ్లడమెందుకని, అక్షరాల పట్టిక ఒకటి చేతితో గీసుకుని మానిటర్ పక్కన అంటించాను. ఆ కాగితం మీద పక్క సీటు వాళ్లు కూడా తమ పేర్లు వెతుక్కునేవాళ్లు.

తర్వాత డేటాబేస్ దగ్గర పడింది అసలు పీటముడి. పేరు కాలమ్ సైజు 30. లక్ష్మి వెళ్తోంది, రాము వెళ్తోంది, వెంకటేశ్వర్లు వెళ్లడం లేదు. ‘ఓఆర్ఏ 1401, విలువ కాలమ్‌కి మించి పెద్దది’ అంటోంది. ఇంగ్లిష్‌లో అదే పేరుకి 13 అక్షరాలు, ఎప్పుడూ గొడవ లేదు. కాగితం తీసుకుని విడదీశాను. వ, ఎత్వం, సున్నా, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము. యూనికోడ్ లెక్కలో ఇవీ 13. కానీ ఆ నంబర్లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు కావాలి, మొత్తం 39. కాలమ్ 30 అంటే 30 అక్షరాలు కాదు, 30 బైట్లు. లక్ష్మికి 21 బైట్లు కాబట్టి పట్టింది. 9ఐ నుంచి సైజు పక్కన ‘చార్’ అని రాసే వీలుంది. 30 చార్ అంటే అక్షరాల లెక్క. టేబుల్ మార్చాం, వెంకటేశ్వర్లు గారు లోపలికి వచ్చారు. ఊళ్లలో సగంమంది పెద్దవాళ్ల పేర్లు అంత పొడుగే కదా! సుబ్రహ్మణ్యాలు, సత్యనారాయణలు. సిస్టమ్‌లో పట్టడం లేదని ఒక మనిషి పేరు కుదించి రాయడం నాకు మనసొప్పని పని. ఆ ఎంట్రీ కింద విడదీసిన పేరంతా అలాగే ఉంచాను. ఎవరికి వివరించాల్సి వచ్చినా అదే పేజీ చూపిస్తాను.

మై ఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌ది ఇంకో తీరు. డిఫాల్ట్‌గా ఇంగ్లిష్, యూరప్ అక్షరాలకే సరిపోయే లాటిన్1 ఉన్నప్పుడు తెలుగు పంపితే ఎర్రర్ కూడా లేకుండా ప్రశ్నార్థకాలు దాచుకునేది. ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయ్యాక మూలం తిరిగి రాదు. కనెక్షన్ యూఆర్‌ఎల్ చివర యూనికోడ్ ట్రూ, క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చేర్చాలి, టేబుల్ క్యారెక్టర్ సెట్ కూడా మార్చాలి, జేఎస్‌పీ పైన పేజ్ ఎన్‌కోడింగ్ పెట్టాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా తెలుగు రాదు. ఎక్కడ విరిగిందో కనిపెట్టడానికి హెక్స్ ఫంక్షన్‌తో కాలమ్ చూడాలి. ఈ0బీ0 అనో ఈ0బీ1 అనో మొదలైతే తెలుగు క్షేమంగా ఉన్నట్టు, 3ఎఫ్ కనిపిస్తే ప్రశ్నార్థకమే మిగిలినట్టు. డాలస్‌లో ఉన్న స్నేహితురాలు అక్కడి తెలుగు సంఘం వెబ్‌సైటు కోసం అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఆ పేజీ చదివి వినిపించాను. ఆమె అటువైపు టైప్ చేస్తూ ‘వచ్చిందే, వచ్చింది’ అని అరిచిన కేక ఇంకా చెవుల్లో ఉంది.

2008లో ప్రోగ్రామర్ల ప్రశ్నలకి జవాబులు దొరికే స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చింది, కోడ్ దాచుకునే గిట్‌హబ్, దాని గిస్ట్ అదే ఏడాది వచ్చాయి. వెతికితే దొరకడం మొదలైంది. 2013లో డాకర్ వచ్చాక సెటప్ నోట్స్‌ని మనిషి చదవక్కర్లేదు, మెషీనే చదివి చేసేస్తుంది. ఇవన్నీ మనస్ఫూర్తిగా వాడతాను. కానీ డాకర్ ఫైలులో ‘ఈ లైను ఎందుకుంది’ అనేది ఉండదు, పైన కామెంటు రాస్తేనే ఉంటుంది. రాసేవాళ్లు తక్కువ. మా టీమ్‌లో కొత్తవాళ్లు ఏదైనా లైను అతికిస్తే, దాని పైన కారణం రాయించాకే రివ్యూలో ఒప్పుకుంటాను.

నా ఫైలులో కొట్టేసిన ఎంట్రీలకు వేరే భాగం ఉంది. తుడిచేయను, కొట్టేసి, ఎందుకు పనికిరాకుండా పోయిందో పక్కన రాస్తాను. అది చదువుతుంటే భలే సంతోషం. విండోస్ 7 దగ్గరికి వచ్చేసరికి తెలుగు కోసం సీడీ అక్కర్లేకపోయింది. 2017లో జావా 9 ప్రాపర్టీస్ ఫైళ్లని నేరుగా యూటీఎఫ్-8లో చదవడం మొదలుపెట్టింది, నేటివ్‌టుఆస్కీ టూల్‌నే తీసేశారు. 2018లో మై ఎస్‌క్యూఎల్ 8 డిఫాల్ట్‌ని యూటీఎఫ్-8కి మార్చుకుంది. 2022లో జావా 18 ఏ సిస్టమ్ మీదైనా డిఫాల్ట్ యూటీఎఫ్-8 అంది. ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాను. ఈరోజు ఇంజనీరింగ్ పిల్ల ఒకతె తన అప్లికేషన్‌లో ‘నమస్తే’ అని టైప్ చేస్తే, ఏ స్నిప్పెట్టూ లేకుండా అది నమస్తే లాగే కనిపిస్తోంది. నా పేజీలు అక్కర్లేకుండా పోయినందుకు ఇంత ఆనందం ఉంటుందని అప్పట్లో అనుకోలేదు.

కొట్టేయకుండా ఉన్నవీ కొన్ని. వాటిలో ఒకటి ‘ప్యాకేజ్ జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అన్న ఎర్రర్. నా మొదటి నోట్‌బుక్‌లో దాని కారణం: సర్వ్‌లెట్ డాట్ జార్ అనే ఫైలు, సర్వ్‌లెట్లను నడిపే సర్వర్ అయిన టామ్‌క్యాట్ 4లో కామన్, లిబ్ ఫోల్డర్‌లో ఉంటుంది, క్లాస్‌పాత్‌లో పెట్టలేదు. టామ్‌క్యాట్ 5కి ఆ ఫైలు పేరు మారింది, రెండో కారణం కింద రాశాను. ఈమధ్య మా టీమ్ అబ్బాయి అదే ఎర్రర్‌తో వచ్చాడు, “మేడమ్, జార్ ఉంది, అయినా లేదంటోంది” అంటూ. టామ్‌క్యాట్ వెర్షన్ అడిగాను. 10. జావా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి వెళ్లాక జావాఎక్స్ అన్న పేరు వాడే వీల్లేక జకార్తాగా మార్చారు, టామ్‌క్యాట్ 10 నుంచి ప్యాకేజీ పేరే వేరు. అదే ఎర్రర్‌కి మూడో కారణం. పాత పేజీ తీసి చూపించి, మూడోది అతని చేతే రాయించాను. పక్కన తేదీ, వెర్షన్ వేశాడు, నేను చెప్పకుండానే.

అక్క ఇప్పుడు బెంగళూరులో ఉంది. తన పాత పుస్తకాలు ఇల్లు మారినప్పుడు కొన్ని పోయాయట. నా దగ్గరున్న వాటిని స్కాన్ చేసి పంపాను. ఒక్కటి మాత్రం మా ఇద్దరి దగ్గరా లేదు. వెబ్‌లాజిక్ అనే సర్వర్ మీద ఈజేబీ (పెద్ద జావా అప్లికేషన్ల భాగాలు) డిప్లాయ్ చేసే నోట్స్ అది. ఆకుపచ్చ ఇంకుతో రాసింది, పొడుగు సైజు రూళ్ల పుస్తకం, పోర్టు 7001 అని మొదటి పేజీలో పెద్దగా ఉంటుంది, ఎంటిటీ బీన్‌కి కావలసిన మూడు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లూ ట్యాగు ట్యాగుకీ వివరంతో ఉంటాయి. 2003లో హాస్టల్ నుంచి ఎవరో జిరాక్స్ కోసం తీసుకెళ్లారు. కాబట్టి కాపీలు తిరిగే ఉంటాయి. అప్పట్లో ఎస్.ఆర్.నగర్, బల్కంపేట హాస్టళ్లలో ఉన్నవాళ్లు అటక మీది పెట్టెల్లో ఒకసారి చూడండి. స్పైరల్ కాపీ అయితే ఇంకు రంగు తెలియదు గానీ, ప్రతి ప్రోగ్రాము కిందా ‘ఎందుకు?’ అని రాసి గీత కొట్టి ఉంటుంది. దొరికితే పారేయకండి, పేజీల ఫొటోలు తీసి పెట్టండి, అక్కకి నేను చేరుస్తాను.